టెట్ ప్రశ్నపత్రం: తయారీ, కీ, అభ్యంతరాలు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఉపాధ్యాయ అర్హత పరీక్ష (టెట్) ప్రాథమిక కీ, అంటే తొలి జవాబుల పట్టిక, వచ్చిన రోజు నుంచి ఫలితాలు వెలువడే దాకా మాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఒకే మాట అడుగుతాయి: ‘నా మార్కు ఎక్కడ పోయింది, ఎవరిని అడగాలి?’ పరీక్ష ఎలా తయారవుతుందో తెలిస్తే ఈ ప్రశ్నకు జవాబు సగం దొరికినట్టే. అందుకే ఈసారి ఆ ఉత్తరాలనే తీసుకున్నాం.

ప్రశ్న: టెట్‌లో 150 ప్రశ్నలు ఎవరు రాస్తారు? ఒక్కో సబ్జెక్టుకు ఒక్క లెక్చరరేనా? – బీఈడీ విద్యార్థిని, నంద్యాల

ప్రశ్నలు రాయడం చాలా ఆలస్యంగా మొదలయ్యే పని. దానికి ముందే చట్రం సిద్ధమై ఉంటుంది. విద్యాహక్కు చట్టం (2009) 23వ సెక్షన్ ఉపాధ్యాయుల కనీస అర్హతలను నిర్ణయించే వీలు కల్పించింది. ఆ బాధ్యత జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి, అంటే ఎన్‌సీటీఈకి దక్కింది. 2010 ఆగస్టు 23 నాటి నోటిఫికేషన్‌తో ఎన్‌సీటీఈ టెట్‌ను తప్పనిసరి చేసింది. పరీక్ష ఎలా ఉండాలో 2011 ఫిబ్రవరి 11 నాటి మార్గదర్శకాల్లో చెప్పింది. 150 ప్రశ్నలు, ఒక్కోదానికి ఒక మార్కు, నాలుగు ఆప్షన్లు, నెగటివ్ మార్కులు లేకపోవడం, శిశు వికాసానికి 30 మార్కులు కేటాయించడం అన్నీ అక్కడివే.

ఆ చట్రంలో సిలబస్ నింపే పని రాష్ట్రానిది. ఏ పాఠ్యాంశం నుంచి ఎన్ని ప్రశ్నలు రావాలో, వాటిలో జ్ఞానం, అవగాహన, వినియోగం ఎంతెంత ఉండాలో భారత్వ పట్టికగా రాసుకుంటారు. మీరు బీఈడీలో రికార్డు కోసం గీసే బ్లూప్రింట్ ఇదే. సబ్జెక్టు నిపుణులు ఈ పట్టిక ముందు పెట్టుకుని, కావలసిన దానికన్నా ఎక్కువ ప్రశ్నలు రాస్తారు. రాసినవారు కాకుండా మరొకరు వాటిని వడపోస్తారు. దీన్నే మోడరేషన్ అంటారు. తర్వాత అనువాదం. శిశు వికాసం, గణితం, సైన్సు, సోషల్ ప్రశ్నలు ఇంగ్లిషులోనూ, అభ్యర్థి ఎంచుకున్న మొదటి భాషలోనూ తెర మీద కనిపిస్తాయి కాబట్టి ప్రతి ప్రశ్నా రెండు రూపాల్లో సరిగ్గా ఉండాలి. చివరికి ప్రతి ప్రశ్నకూ ఒక ఐడీ ఇచ్చి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు.

పరీక్ష కంప్యూటర్ మీదికి మారాక భారం బాగా పెరిగింది. ఒక పేపర్‌ను 8 సెషన్లలో పెడితే 8 వేర్వేరు ప్రశ్నపత్రాలు కావాలి. అంటే 1,200 ప్రశ్నలు, రెండేసి భాషల్లో, కొద్ది వారాల్లో. దోషాలు ఎక్కువగా ఇక్కడే దొర్లుతాయి. ఈ వరసలో లేని మెట్టు ఒకటుంది. ప్రశ్నను ముందుగా కొందరు అభ్యర్థుల మీద ప్రయోగించి, పనికొస్తుందో లేదో చూసే ట్రైఔట్. బయటికి పొక్కుతుందన్న భయంతో దాన్ని వదిలేస్తారు. దాంతో ప్రశ్నను మొదటిసారి పరీక్షించేది పరీక్ష హాల్లో కూర్చున్న మీరే. కీ మీద అభ్యంతరాలు అంత ముఖ్యం కావడానికి కారణం అదే.

ప్రశ్న: సీటెట్ మొదటిసారే పాసయ్యాను. రాష్ట్ర టెట్‌లో మాత్రం రెండుసార్లూ 80 దాటలేదు. రెండింటికీ సిలబస్ దాదాపు ఒకటే కదా? – ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, కరీంనగర్

సిలబస్ పేర్లు ఒకటే, భారత్వం వేరు. కేంద్ర స్థాయి టెట్ అయిన సీటెట్‌లో పేపర్-1 (1 నుంచి 5 తరగతులు చెప్పేవారికి; 6 నుంచి 8కి పేపర్-2) గణితంలో 30 మార్కులకు 15 విషయం నుంచి, 15 బోధనా పద్ధతుల నుంచి వస్తాయి. పరిసరాల విజ్ఞానంలోనూ అంతే. రెండు భాషల్లోనూ సగానికి సగం బోధనకు పోతుంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ టెట్‌లలో అదే 30కి 24 విషయం, 6 పద్ధతులు.

లెక్క వేసి చూడండి. భాషలు రెండు, గణితం, పరిసరాల విజ్ఞానం కలిపి సీటెట్‌లో 60 మార్కులు బోధనకు దక్కుతాయి. రాష్ట్ర టెట్‌లో 24 మాత్రమే. మిగతా 36 మార్కులు వ్యాకరణం, లెక్కలు, పాఠ్యపుస్తకాల్లోని వివరాల వైపు జరిగాయి. తరగతి గది ప్రశ్నల్లో మీరు గట్టివారై ఉంటారు, అది అక్కడ అక్కరకొచ్చింది. ఇక్కడ మార్కులు రావాలంటే 3 నుంచి 8వ తరగతి దాకా పాఠ్యపుస్తకాలను అక్షరం వదలకుండా చదవాలి. రాష్ట్ర సిలబస్ పుస్తకాలే చదవాలి, ఎన్‌సీఈఆర్‌టీవి సరిపోవు.

ఈ విభజన మీద మా అభిప్రాయం కూడా చెప్పాలి. భాగహారంలో పిల్లవాడు శేషాన్ని ఎందుకు వదిలేశాడో పసిగట్టగలగడం ఉపాధ్యాయుడికి కావలసిన నేర్పు. అలాంటి ప్రశ్నలకు గణితంలో 6 మార్కులు మరీ తక్కువ. అయితే పద్ధతుల ప్రశ్నలు బాగా రాయడం కష్టం. సరిగా రాయకపోతే నాలుగు ఆప్షన్లూ మంచి మాటలే అవుతాయి. అందుకని పట్టిక వేసేవాళ్లు విషయం వైపే మొగ్గుతారు.

ప్రశ్న: మా కళాశాలలో ఛాత్రోపాధ్యాయుల కోసం మోడల్ టెస్టులు తయారుచేస్తున్నాం. శిశు వికాసం ప్రశ్నల మీద ప్రతిసారీ వాదన వస్తోంది. ఎక్కడ పొరపాటు జరుగుతోంది? – అధ్యాపకుడు, శ్రీకాకుళం జిల్లా

ఎక్కువగా సరిహద్దు దగ్గర. ఈ ప్రశ్న చూడండి: ‘పియాజే ప్రకారం 7 ఏళ్ల పిల్లవాడు ఏ దశలో ఉంటాడు?’ పియాజే పిల్లల ఆలోచన ఎదిగే దశలను చెప్పిన మనోవిజ్ఞాని. పూర్వ ప్రచాలక దశ 2 నుంచి 7 ఏళ్లు, మూర్త ప్రచాలక దశ 7 నుంచి 11 అని పుస్తకాలన్నీ రాస్తాయి. 7 రెండింటిలోనూ ఉంది. మీరు కీలో ఏది పెట్టినా రెండోదాన్ని ఎంచుకున్నవాడు పుస్తకం తెచ్చి చూపిస్తాడు, అతని మాటలో న్యాయం ఉంటుంది. పైగా ఆ ప్రశ్న కొలిచేది పట్టికలోని అంకె జ్ఞాపకం ఉందా లేదా అన్నదే.

వయసు తీసేసి ప్రవర్తన పెట్టండి: ‘ఒకే కొలత గల రెండు గ్లాసుల్లో నీళ్లు సమానంగా ఉన్నాయని లత ఒప్పుకుంది. ఒక గ్లాసులోని నీళ్లను ఆమె ముందే సన్నని పొడవాటి గ్లాసులో పోస్తే, ఇందులోనే ఎక్కువ ఉన్నాయంది. లత ఆలోచనలో ఇంకా ఏర్పడనిది ఏది?’ జవాబు పదిలపరచుకునే భావన, అంటే ఆకారం మారినా పరిమాణం మారదన్న ఎరుక. తప్పు ఆప్షన్లుగా వస్తుస్థిరత్వం, అనుకరణ, పరికల్పనాత్మక ఆలోచన పెట్టవచ్చు. ఈ మూడూ నిజమైన భావనలే, కానీ ఈ సన్నివేశానికి అతకవు. తప్పు ఆప్షన్ అంటే సగం తెలిసినవాడు ఎంచుకునేలా ఉండాలి. ఎవరూ తొంగిచూడని ఆప్షన్ ఉంటే అది మూడు ఆప్షన్ల ప్రశ్న అయిపోయినట్టే.

ఇంకా కొన్ని చూసుకోండి. సరైన ఆప్షన్ మిగతావాటికన్నా పొడవుగా ఉంటే చదవకుండానే పట్టేస్తారు. ‘సరికానిది’ అని అడిగితే ఆ మాట కింద గీత గీయండి. ‘పైవన్నీ’ వాడితే, రెండు ఆప్షన్లు నిజమని తెలిసినవాడికి మూడోది చదవాల్సిన పని ఉండదు. ‘అందరు పిల్లలు’, ‘ఎల్లప్పుడూ’ అన్న మాటలు తప్పు ఆప్షన్లలోనే కనిపిస్తే అదీ సూచన ఇచ్చినట్టే. ప్రశ్న రాయగానే సరైన జవాబుకు పుస్తకం, పేజీ రాసిపెట్టుకోండి. మిగతా మూడూ ఎందుకు తప్పో ఒక్కో వాక్యం కూడా రాయండి. ఆ వాక్యం రాయలేకపోయారంటే అక్కడే రెండో జవాబు దాగుంది.

పరీక్ష పెట్టాక అంశ విశ్లేషణ చేయండి, అంటే ఒక్కో ప్రశ్న ఎలా పనిచేసిందో లెక్క తీయండి. మొత్తం మార్కుల వరసలో పై 27 శాతం, కింది 27 శాతం పత్రాలు విడదీయాలి. 1,000 మంది రాస్తే అటు 270, ఇటు 270. ఒక ప్రశ్నకు పై గుంపులో 216 మంది, కింది గుంపులో 108 మంది సరిగ్గా రాశారనుకోండి. కఠినతా సూచిక, అంటే సరిగ్గా రాసినవారి వాటా, 324ను 540తో భాగిస్తే 0.60. విచక్షణా సూచిక, అంటే బాగా చదివినవాళ్లను మిగతావాళ్ల నుంచి ప్రశ్న ఎంత వేరు చేస్తోందన్నది, 216లోంచి 108 తీసేసి 270తో భాగిస్తే 0.40. ఇది మంచి ప్రశ్న. ఇంకో ప్రశ్నకు పై గుంపులో 81, కింది గుంపులో 135 వచ్చాయనుకోండి. విచక్షణ మైనస్ 0.20. బాగా చదివినవాళ్లు తప్పి, చదవనివాళ్లు నెగ్గారంటే, ముందు కీ తిరగేయండి. చాలాసార్లు తప్పు అక్కడే దొరుకుతుంది. విచక్షణ 0.20 కన్నా తగ్గిన ప్రశ్నను తిరగరాయడమో తీసేయడమో చేయాలి. మీ తరగతిలో 60 మందే ఉంటే 16 చొప్పున తీసుకుని చూడండి. అంకెలు అంత నిలకడగా ఉండవు గానీ కీ తప్పితే మాత్రం బయటపడుతుంది.

ప్రశ్న: ప్రాథమిక కీలో రెండు జవాబులు తప్పని నా నమ్మకం. అభ్యంతరం పెడితే నిజంగా చూస్తారా? ఎలా పెట్టాలి? – అభ్యర్థి, ఖమ్మం

చూస్తారు. తుది కీలో మార్పులు వచ్చేది ఆ అభ్యంతరాల వల్లే. కానీ ‘కీ తప్పు, దయచేసి పరిశీలించండి’ అని రాస్తే నిపుణుల కమిటీ చేతికి ఏమీ అందదు.

ముందు మీ రెస్పాన్స్ షీట్ (మీరు గుర్తించిన జవాబుల పత్రం) డౌన్‌లోడ్ చేసుకుని ప్రశ్న ఐడీ రాసుకోండి. వరస సంఖ్య చాలదు. ఒకే ప్రశ్న మీకు 47వదిగా, పక్కవాడికి 52వదిగా వచ్చి ఉండవచ్చు, ఆప్షన్ల వరస కూడా మారి ఉండవచ్చు. తేదీ, సెషన్, పేపర్ కూడా ఉండాలి. వేరే సెషన్ కీతో పోల్చి ‘నాకు 12 మార్కులు తగ్గాయి’ అని కంగారుపడేవాళ్లు ప్రతిసారీ ఉంటారు.

తర్వాత మీ వాదన ఏ రకమో తేల్చుకోండి. కీ తప్పా? రెండు జవాబులు ఉన్నాయా? ఒక్కటీ సరైనది లేదా? తెలుగు, ఇంగ్లిషు పాఠాలు వేర్వేరుగా ఉన్నాయా? ఈ నాలుగూ వేర్వేరు వాదనలు, కలపకండి. అనువాద దోషమైతే రెండు రూపాలనూ పక్కపక్కన ఎత్తి రాయండి. ఇంగ్లిషులో వడి అడిగి తెలుగులో వేగం అని పడితే దిశ ప్రసక్తి వచ్చి జవాబే మారిపోతుంది. రెండు రూపాల్లో తేడా వస్తే ఏది ప్రమాణమో ఇన్ఫర్మేషన్ బులెటిన్‌లో ముందే చూసుకోండి.

‘సిలబస్‌లో లేదు’ అన్న వాదన మాత్రం సాధారణంగా నిలవదు. ప్రశ్నల అంశాలు 1 నుంచి 5, లేదా 6 నుంచి 8 తరగతుల నుంచే వచ్చినా, కఠినత, అనుబంధం పేపర్-1కు సెకండరీ స్థాయి దాకా, పేపర్-2కు సీనియర్ సెకండరీ స్థాయి దాకా ఉండవచ్చని ఎన్‌సీటీఈ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

ఆధారంగా పెట్టాల్సింది ప్రభుత్వ పాఠ్యపుస్తకం. తరగతి, సబ్జెక్టు, ముద్రణ సంవత్సరం, పేజీ, ఆ పేజీ ఫొటో, సంబంధిత వాక్యం కింద గీత ఉండాలి. పుస్తకాలు మారాయి కాబట్టి ప్రస్తుతం బడిలో వాడుతున్న ముద్రణే పనికొస్తుంది. మనోవిజ్ఞాన ప్రశ్నలకు తెలుగు అకాడమీ పుస్తకం, విశ్వవిద్యాలయాల్లో చదివే ప్రామాణిక గ్రంథం పెట్టండి. కోచింగ్ సెంటర్ మెటీరియల్‌ను, యూట్యూబ్ వీడియోలో చెప్పిన కీని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

రాసే తీరు ఇలా ఉంటే చాలు: ‘ప్రశ్న ఐడీ ఇది. ప్రాథమిక కీ ప్రకారం జవాబు 2. నా అభ్యంతరం: 2తో పాటు 3 కూడా సరైనదే. ఆధారం: ఫలానా తరగతి పాఠ్యపుస్తకం, ఫలానా పేజీ, వాక్యం ఇది. కోరేది: రెండు ఆప్షన్లకూ మార్కు ఇవ్వాలి.’ నాలుగైదు పంక్తులు మించకూడదు. గడువులోపు వెబ్‌సైట్‌లోనే పెట్టాలి. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడం, వినతిపత్రం ఇవ్వడం అభ్యంతరం కిందికి రావు. సబ్మిట్ చేశాక వచ్చే నంబరు దాచుకోండి.

తుది కీ వచ్చాక దారి చాలా ఇరుకు. కాన్పూర్ విశ్వవిద్యాలయం కేసులో (1983) సుప్రీంకోర్టు, కీ తప్పని స్పష్టంగా రుజువయ్యేదాకా అది సరైనదనే భావించాలంది. వాదనలతో, తర్కంతో సాగదీసి తప్పని తేల్చడం కుదరదంది. అందులో విద్యార్థులే నెగ్గారు, ఎందుకంటే పాఠ్యపుస్తకాలన్నీ వారి జవాబునే చెప్పాయి. ఉత్తరప్రదేశ్ ఉపాధ్యాయ నియామక పరీక్షకు సంబంధించిన రణ్ విజయ్ సింగ్ కేసులో 2017 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఇంకా కట్టుదిట్టం: సందేహం ఉంటే దాని ప్రయోజనం పరీక్ష నిర్వహించే సంస్థకే దక్కాలి. కాబట్టి బలమైన ఆధారం ఉంటే ప్రాథమిక కీ దశలోనే బయట పెట్టండి.

ప్రశ్న: తప్పు ప్రశ్నకు అందరికీ మార్కు కలిపారు. నేను ఆ ప్రశ్న మీద 4 నిమిషాలు పోగొట్టుకున్నాను. ఇదేం న్యాయం? – అభ్యర్థిని, అనంతపురం

పోయిన నిమిషాలను ఏ పద్ధతీ తిరిగి ఇవ్వలేదు. ఉన్న దారులు రెండు: అందరికీ మార్కు కలపడం, లేదా ప్రశ్నను తొలగించి మిగతా 149ని 150కి సరిపెట్టడం. కాన్పూర్ కేసులో కోర్టు చెప్పింది, అనుమానాస్పదమైన ప్రశ్నను పత్రం నుంచి తీసేసి మార్కులు కేటాయించవద్దని. మిగతా ప్రశ్నల్లో 89 సరిగ్గా రాసిన జనరల్ అభ్యర్థిని తీసుకోండి. మార్కు కలిపితే 90, పాస్. తొలగించి సరిపెడితే 89ని 150తో గుణించి 149తో భాగించాలి, 89.6 వస్తుంది. గట్టున ఉన్నవారికి మార్కు కలపడమే మేలు. తుది కీతో పాటు ప్రశ్నల కఠినతా సూచికలను, విచక్షణా సూచికలను కూడా ప్రకటించే అలవాటు ఉంటే, ఏ ప్రశ్న చెడిందో అభ్యర్థి ఊహించుకోనక్కర్లేదు. ఆ లెక్కలకు కావలసిన సమాధానాలన్నీ కంప్యూటర్‌లోనే ఉంటాయి.

ప్రశ్న: నార్మలైజేషన్ అంటే కష్టమైన సెషన్‌కు మార్కులు కలపడమేనా? – అభ్యర్థి, నల్గొండ

స్థూలంగా అంతే, కానీ కలిపేది చేతికొచ్చినంత కాదు. మన ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్షల్లో వాడుతున్న సూత్రం ఇలా ఉంటుంది. ప్రతి సెషన్‌కు రెండు అంకెలు తీస్తారు: పై 0.1 శాతం మంది సగటు ఒకటి, అందరి సగటుకు ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే అంకె) కలిపింది మరొకటి. అన్ని సెషన్లకూ కలిపి అవే రెండు అంకెలు తీస్తారు.

మొత్తం మీద అవి 132, 100 అనుకుందాం. మీ సెషన్ కష్టంగా వచ్చి 126, 95 అయ్యాయి. మీకు 88 వచ్చాయి. 95 కన్నా 7 తక్కువ. ఈ 7ను 32తో గుణించి 31తో భాగిస్తే 7.23. 100లోంచి అది తీసేస్తే 92.77. సులువైన సెషన్‌లో ఆ అంకెలు 137, 106 ఉండి ఒకరికి 94 వస్తే, 12 తక్కువ కాబట్టి 12.39 తీసేసి 87.61 అవుతుంది. ఈ అంకెలు ఉదాహరణకే. మీ పరీక్షకు నార్మలైజేషన్ ఉందా, ఏ సూత్రం అన్నది ఆ నోటిఫికేషన్‌లోనే చూడాలి.

సూత్రం వెనక ఒక ఊహ ఉంది: అన్ని సెషన్లకూ సమాన సామర్థ్యం గల అభ్యర్థులు వచ్చారని. వేల మంది ఉన్న సెషన్లలో అది చాలావరకు నిలుస్తుంది. కొన్ని వందల మందే ఉన్న మైనర్ మీడియం (తక్కువ మంది ఎంచుకునే భాషా మాధ్యమం) సెషన్‌లో పై 0.1 శాతం అంటే ఒక్క మనిషి కూడా కాకపోవచ్చు. అక్కడ ఈ లెక్క ఊగిపోతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటున్నాను. టీచరు ఉద్యోగం కోసం టెక్సెస్ రాయాలి. 240 పాస్ మార్కు అంటున్నారు, ఎన్ని ప్రశ్నలు సరిగ్గా రాయాలి? అక్కడ కీ ఎందుకు ఇవ్వరు? – పాఠకురాలు, టెక్సస్

టెక్సెస్ అంటే టెక్సస్ రాష్ట్రంలో ఉపాధ్యాయులకు పెట్టే అర్హత పరీక్ష. ఇన్ని ప్రశ్నలు అని చెప్పలేం. 240 అన్నది 100 నుంచి 300 దాకా ఉన్న స్కేలు మీది అంకె, శాతం కాదు. మీ పత్రం కాస్త కష్టంగా ఉంటే తక్కువ సరైన జవాబులకే 240 వస్తుంది.

అక్కడి తయారీ తీరు వేరు. ముందు ఉపాధ్యాయుడు నిజంగా చేసే పని ఏమిటో సర్వే చేస్తారు. దానిమీద పరీక్ష చట్రం కడతారు. ప్రశ్నలను టెక్సస్‌లో బోధిస్తున్నవారి కమిటీలు చదువుతాయి, పక్షపాతం ఉందేమో చూస్తాయి. తర్వాత కొత్త ప్రశ్నలను ట్రైఔట్ చేస్తారు, చాలావరకు అసలు పరీక్షలోనే మార్కులకు లెక్కించని ప్రశ్నలుగా కలిపి. ఏవి లెక్కించనివో మీకు తెలియదు కాబట్టి అన్నీ రాయాల్సిందే. నెగ్గిన ప్రశ్నలను మళ్లీ మళ్లీ వాడతారు, అందుకే కీ బయటపెట్టరు.

పాస్ మార్కును కూడా ఉపాధ్యాయుల బృందం సిఫారసు మీదే నిర్ణయిస్తారు. ఇందుకు వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఆంగాఫ్ పద్ధతి ఒకటి: ‘సరిగ్గా గడప మీద ఉన్న వందమంది కొత్త టీచర్లలో ఈ ప్రశ్నకు ఎంతమంది జవాబు చెబుతారు?’ అని ప్రతి ప్రశ్నకూ అడుగుతారు. 150 ప్రశ్నలకు సగటున 58 శాతం అని తేలితే కటాఫ్ 87 అవుతుంది. మన టెట్‌లో పత్రం ఎలా ఉన్నా జనరల్‌కు 90, బీసీలకు 75, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 60 ముందే ఖాయం. టెక్సెస్ ఒక్కో పరీక్షకు మొత్తం 5 సార్లే అవకాశం, మినహాయింపు కావాలంటే విడిగా అడగాలి. సరదాకు రాసి చూడకండి.

ప్రశ్న: బయాలజీ స్కూల్ అసిస్టెంటుని, సర్వీసు ఇంకా 9 ఏళ్లు ఉంది. సుప్రీంకోర్టు తీర్పు వల్ల టెట్ రాయాల్సి వస్తోంది. లెక్కలు వదిలేసి పాతికేళ్లయింది. 30 మార్కులు గణితమే అంటే ఎలా? – ఉపాధ్యాయుడు, విజయనగరం జిల్లా

2025 సెప్టెంబరు 1 నాటి తీర్పు ప్రకారం, టెట్ లేకుండా పనిచేస్తున్న ఉపాధ్యాయుల్లో పదవీ విరమణకు 5 ఏళ్లకు మించి గడువు ఉన్నవారు రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. పేపర్-2లో గణితం, సైన్సు కలిపి 60 మార్కుల ఒకే విభాగం. అందులో గణితం 30, భౌతిక, రసాయన శాస్త్రాలకు 12, జీవశాస్త్రానికి 12, సైన్సు బోధనా పద్ధతులకు 6. మీరు రోజూ చెప్పే పాఠానికి 150లో 12 మార్కులు.

అయితే విభాగాలవారీ కటాఫ్ లేదు, మొత్తమే చూస్తారు. శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిషు 90 మార్కులు. వాటిలో 66 తెచ్చుకుని, జీవశాస్త్రంలో 11, సైన్సు పద్ధతుల్లో 5, గణిత పద్ధతుల్లో 4 వస్తే 86. భౌతిక, రసాయన శాస్త్రాల్లో 5 వచ్చినా 91 అవుతుంది, గణిత విషయం తాకకుండానే. నెగటివ్ మార్కులు లేవు కాబట్టి ఆ 24 గణిత ప్రశ్నలను ఖాళీగా వదలవద్దు. గుడ్డిగా గుర్తించినా సగటున 6 వస్తాయి. చదివే సమయం మాత్రం గణితం మీద కాకుండా ఇంగ్లిషు మీద పెట్టండి.